మెడకు నేసిన చీర

ముందు తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరు చేసి పెడతాను. రసాయనశాస్త్రం చదువుకుని, హిందూపురంలో పట్టు నాణ్యత పరీక్షించే పనిలో ఇన్నేళ్లు గడిపినందువల్ల ఈ అలవాటు నన్ను వదలదు.

తెలిసినవి ఇవి. జర్మనీలో రైన్ నది పక్క ఊళ్లలో, క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు కార్నివాల్ చేస్తారు. ఆ సందడి ఒక గురువారంతో వీధుల్లోకి వస్తుంది. ఆనాడు ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని తిరుగుతూ, ఎదురైన మగవాడి టైని సగానికి కత్తిరిస్తారు. ఎవరూ కోప్పడరు. సోమవారం నాడు కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద పెద్ద బొమ్మలను బండ్లకెక్కించి ఊరేగిస్తారు. దేశాలను ఏలేవాళ్లు ఆ బొమ్మల్లో నవ్వులపాలవుతారు. బండ్ల మీది నుంచి జనం మీదికి మిఠాయిలు విసురుతారు. ఇవన్నీ నేను కళ్లారా చూశాను.

విన్నవి వేరు. ఇది చలికాలపు దయ్యాలను తరిమే అతి పురాతనమైన పండుగ అని ఒకరు చెప్పారు. పదకొండు అనేది బైబిలులోని దైవాజ్ఞలు పదింటినీ ఒకటి దాటిన అంకె కనుక, అది పిచ్చివాళ్ల అంకె అని, అందుకే పదకొండో నెల పదకొండో తేదీన పదకొండు గంటల పదకొండు నిమిషాలకు కార్నివాల్ కాలాన్ని ప్రారంభిస్తారని మరొకరు చెప్పారు. ప్రారంభించడం నిజం. కారణం మాత్రం అందరూ నమ్మకంగా చెప్పారు, ఎవరూ ఆధారం చూపలేదు.

ధర్మవరంలోని మా మేనత్త విషయం కూడా ఇట్లాగే రెండు పాళ్లు. ఆమె పెళ్లిళ్లలో మగపెళ్లివారిని ఎగతాళి చేస్తూ పాటలు కట్టి పాడేది. మామ పోయిన తరువాత ఏ పెళ్లిలోనూ పాడలేదు. ఇది తెలిసినది. భర్త పోయిన ఆడది పెళ్లిపాటలకు ముందుకొచ్చి కూర్చోకూడదని ఎవరో అన్నారని, అందుకే మానేసిందని చెప్పుకునేవాళ్లు. ఇది విన్నది. ఆ అన్నది ఎవరు అని అడిగితే మాత్రం మాట అక్కడే ఆగిపోయేది.

ఒక ఫాల్గుణంలో ఈ రెండు కథలూ మా ఇంట్లో కలిశాయి. అందుకు నేను కృతజ్ఞురాలిని. ఎవరికి ఎంత కృతజ్ఞత చెల్లుతుందో ఈ రాతలో తేల్చుకోవాలని ఉంది.

అత్తది నేతపని చేసే ఇల్లు. పొద్దున్నే మామ మగ్గం గుంటలోకి దిగేవాడు. ఆమె ఆయనకు ఎదురుగా రాట్నం పెట్టుకుని కండెలకు పట్టు చుట్టేది. పెళ్లిపాటలు అక్కడే పుట్టేవి. ఏ ఊరినుంచి మగపెళ్లివారు వస్తున్నారో, వియ్యపురాలి నడక ఎట్లా ఉంటుందో, వరుని తండ్రి ఎంత తింటాడో ముందుగా ఆరా తీసి, రాట్నం తిప్పుతూ ఒక్కో చరణం అల్లి మామకు వినిపించేది. చరణం బాగాలేకపోతే మగ్గం చప్పుడు అట్లాగే సాగేది. బాగుంటే మామ నవ్వు పట్టలేక కాలు ఆపేవాడు, మగ్గం ఆగేది. చిన్నప్పుడు వరండాలో చదువుకుంటూ నేను ఆ చప్పుడు వినేదాన్ని. మగ్గం ఆగిందంటే ఆ చరణం పెళ్లికి వెళ్తుందని లెక్క.

ఆమెకు ఒక నియమం ఉండేది. మగపెళ్లివారు భోజనానికి కూర్చుని, ఆకుల్లో అన్నం పడిన తరువాతే నోరు విప్పేది. ఆకు ముందర కూర్చోని మనిషి మీద పాట కట్టేది కాదు. "మనింట్లో తింటాండేవాళ్లనే అనాల," అనేది. "ఆకు ముందర లేనోళ్లను అంటే అది పాట కాదు, చాడీ."

ఈ నియమమే మరో దేశంలో, మరో నోటి వెంట వింటానని అప్పట్లో అనుకోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రంగుల పరీక్షలో శిక్షణకని నన్ను రైన్ ప్రాంతంలోని ఒక పాత పట్టు పట్టణానికి పంపారు. అక్కడ ఒక ఇంటి మేడమీద అద్దెకున్నాను. ఇంటావిడ జీవితమంతా టైలు తయారుచేసే మిల్లులో పనిచేసింది. తన చేతులతో తయారుచేసినవాటిని ఏడాదికొకసారి తానే కత్తిరించే అవకాశం తమ ఊరి ఆడవాళ్లకు తప్ప మరెవరికి దొరుకుతుందని నవ్వేది. టై కోల్పోయిన మగవాడికి బుగ్గ మీద చిన్న ముద్దు పరిహారం. ఆ లెక్క ఎక్కడా తప్పేది కాదు.

గురువారం కత్తెర సరదాకు. ఆమె అసలు పేరు తెచ్చుకున్నది శనివారం సభలో. అక్కడ వేదిక మీద పీపాయిని సగానికి కోసినట్టుండే తొట్టి ఒకటి పెడతారు. వక్త అందులో నిలబడి ప్రాసలతో కూడిన వ్యంగ్య ప్రసంగం చేస్తాడు. తొట్టి ఎందుకు అంటే, ఊరి మురికిబట్టలు ఉతికే తొట్టికి గుర్తు అని చెప్పారు. అది కూడా విన్నవాటి జాబితాలోనే ఉంచాను. ప్రసంగాన్ని ఆమె భర్త రాసేవాడు, ఆమె చెప్పేది. ప్రతి ఛలోక్తి తరువాత బ్యాండువాళ్లు బాకాలతో, డప్పులతో గట్టిగా ఒక చిన్న తాళం వేస్తారు, నవ్వాల్సింది ఇక్కడే అని గుర్తు చేసినట్టు. చివర సభంతా 'హెలావ్' అని అరుస్తుంది. కొలోన్‌లో అయితే 'అలాఫ్' అంటారు. ఒక ఊళ్లో రెండో ఊరి కేక వేయడం పెద్ద తప్పు. రెండింటి పుట్టుక గురించీ రకరకాలుగా చెబుతారు.

ఆమె భర్త రాత్రిభోజనం బల్ల దగ్గర కూర్చుని చరణాలు కొట్టేస్తుండేవాడు. ఒకసారి మంచి చరణాన్ని కొట్టేస్తుంటే ఎందుకని అడిగాను.

"ఆయన ఈసారి సభకు రావడం లేదు," అన్నాడు. "వినడానికి లేనివాణ్ణి వెక్కిరించడం మాకు పద్ధతి కాదు."

"సోమవారం బండ్ల మీద బొమ్మలుగా పెట్టే నాయకులు ఊరేగింపుకు వస్తారా మరి?" అన్నాను.

ఆయన పెన్సిలుతో గది మూలకు చూపాడు. "వాళ్లు ఎప్పుడూ మన గదిలోనే ఉంటారమ్మా. ఆ టీవీ చూడు," అన్నాడు. వాదం పూర్తిగా నిలవదు. కానీ అత్త మాట గుర్తుకొచ్చి ఊరుకున్నాను. రెండు చోట్ల ఒకే నియమం కనిపించింది కదా అని దానికి ఒకే మూలం ఉందని చెప్పను. పోలిక చుట్టరికానికి రుజువు కాదు.

ఆ ఏడాది సభలో నేను ముందు వరుసలో కూర్చున్నాను. ప్రసంగం మధ్యలో ఆమె నా వైపు తిరిగింది. ప్రాస తెలుగులోకి రాదు, సారం ఇది: మా మేడమీద ఇండియా అమ్మాయి ఒకతె ఉంది. బయట వాన పడుతోందమ్మా అంటే నమ్మదు. చుక్కను గాజు గొట్టంలో పట్టి, ఇది నీళ్లేనని తేలేదాకా గొడుగు తెరవదు.

బ్యాండు మోగింది. సభ నవ్వింది. పక్కన కూర్చున్న అపరిచితుడు నా భుజం చరిచాడు. అప్పటిదాకా ఆ ఊళ్లో అందరూ నాతో ఎంతో మర్యాదగా ఉండేవాళ్లు. ఆ సభ తరువాత రొట్టెల దుకాణం ఆవిడ నా వ్యాకరణం దిద్దడం మొదలుపెట్టింది. అద్దెయింటి వీధిలో వాన రోజున నన్ను చూసి గొడుగు తెరవమని గుర్తుచేసేవాళ్లు. పరాయిదాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. నన్ను చేశారు. ఆ ఉపకారాన్ని నేను ఇంకా మరచిపోలేదు.

తిరిగొచ్చాక కూడా ఇంటావిడతో నా మాటలు ఫోన్లో సాగాయి. కొన్నేళ్లకు ఆమె భర్త పోయాడు. ఆ తరువాతి ఫిబ్రవరిలో ఆమె ఒంటరిగా తొట్టి ఎక్కింది.

"ఎవరూ ఏమీ అనలేదా?" అని అడిగాను.

"ఏమంటారు? ఆయన లేడు కదా, ప్రాసలు బాగాలేవన్నారు," అంది.

ఆ మాట నేను అత్తకు చెప్పాను. అత్త అప్పుడు రాట్నం దగ్గర ఉంది. "ఆయమ్మ ఊర్లో అట్లుండాది," అంది. రాట్నం తిరుగుతూనే ఉంది.

ధర్మవరంలోనే మగ్గం నేసే మా అన్న కూతురికి పెళ్లి కుదిరింది. మగపెళ్లివారు హిందూపురంవాళ్లు, ఇంట్లో సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే కుటుంబం. ముహూర్తం శివరాత్రి వెళ్లాక ఫాల్గుణ శుద్ధంలో ఒక ఆదివారం. నేను జర్మనీకి ఫోన్ చేసి ఇంటావిడకు చెబితే ఆమె క్యాలెండర్ చూసి, అది కార్నివాల్ ఆదివారం అని చెప్పింది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. కార్నివాల్ తేదీని నిర్ణయించే ఈస్టర్‌ను చంద్రుణ్ణి బట్టి లెక్కిస్తారు, శివరాత్రినీ చంద్రుణ్ణి బట్టే లెక్కిస్తారు. అందువల్ల కొన్ని ఏళ్లు రెండూ పక్కపక్కనే వస్తాయి. ఆ ఏడు ఆమె ఊరి సభామందిరం మరమ్మతుల్లో ఉంది. "తొట్టి లేదు కదా, మీ మగ్గాలు చూస్తాను," అని బయలుదేరింది.

పెళ్లికూతురికి ఒకే కోరిక ఉండేది. తన పెళ్లిలో అవ్వ పాడాలి. మా మేనత్తను అది అవ్వ అనే పిలుస్తుంది.

"నువ్వు పాడకపోతే వాళ్లు మనల్ని నోరులేనోళ్లనుకుంటారవ్వా."

"పాడేదానికి ఆడోళ్లు శానామంది ఉండారు లేవే. నేనొచ్చి ముందర కూచుంటే చూసేవాళ్లేమంటారు?"

"ఎవరంటారత్తా?" అని నేను కలగజేసుకున్నాను.

"అంటారు," అంది అత్త. పెళ్లికూతురు కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

'అంటారు' అనే క్రియకు కర్త ఎవరో కనుక్కోవాలని నిశ్చయించుకున్నాను. ముందు అన్నను అడిగాను. "నాకేముందమ్మా, పాడితే సంతోషం. పెద్దోళ్లేమంటారో," అన్నాడు. మామకు అన్న వరుసయ్యే వీధిపెద్దను అడిగాను. "మాదేముంది పాపా, కాలం మారిపాయె. ఆడోళ్లేమనుకుంటారో చూసుకోండి," అన్నాడు. పాటలు పాడే ఆడవాళ్లను అడిగాను. "అత్త పాడితే మాకు మేలే కదక్కా, మాకు ఆ చరణాలు యాడొస్తాయి? అయ్యవారేమంటారో," అన్నారు. పురోహితుణ్ణి అడిగాను. "మంత్రం సంగతి నన్నడగండి, చెప్తా. పాట సంగతి నాకు తెలిసి యాడా రాసి లేదు. మగపెళ్లివాళ్లకు ఏమన్నా పట్టింపులుండాయేమో," అన్నాడు.

అంటే ప్రతివారికీ సమ్మతమే, ప్రతివారికీ పక్కవారి మీద అనుమానం. నిషేధం ఉంది, నిషేధించినవారు లేరు. ఇక మిగిలింది వియ్యపురాలు ఒక్కతే. ఆమెను అడగలేకపోయాను. మిమ్మల్ని ఎగతాళి చేయడానికి మీ అనుమతి కావాలని మగపెళ్లివారి ఇంటికి వెళ్లి అడిగే ఆడపెళ్లివారు మా వైపు ఉండరు. కాబట్టి నా విచారణ అసంపూర్ణంగానే ఆగింది.

అతిథి శివరాత్రికి ముందే ధర్మవరం చేరింది. ఆమె గురువారం గురించి నేను అన్నకు ముందుగానే చెప్పి ఉంచాను. శివరాత్రి మరునాడే ఆ గురువారం. మా ఇంట్లో ఉపవాసం ముగిసిన రోజు. వాళ్ల ఊళ్లో ఉపవాసం వస్తోందని ముందుగా చేసే అల్లరి రోజు. ఒక్క టై దొరికితే చాలు, ఆమె పండుగ ఆమెకు చేసినట్టవుతుందని నా ఉద్దేశం.

"బజార్లో బడి పిల్లోళ్ల టైలే ఉండాయి," అన్నాడు అన్న. "కొనేదేమి? మగ్గం మీద పడుగు కొసరు మిగిలుండాది, చీరకు చాలదు. నేనే నేస్తా."

గురువారం పొద్దున స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, ఆ టై కట్టుకుని అన్న వాకిట్లోకి వచ్చాడు. అందరం చూశాం. నాలుగు వేళ్ల వెడల్పున మెరుస్తున్న అరటిపండు రంగు పట్టు. రెండు వైపులా జరీ అంచు. కింద చివర జానెడు మేర, నెమళ్లు నేసిన కొంగు. అది టై కాదు, మెడకు నేసిన చీర. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చీరలే నేసినవాడు. అంచూ కొంగూ లేకుండా మగ్గం మీద బట్టను ముగించడం అతని చేతికి తెలియదు.

అతిథి కత్తెర తీసింది. తన ఊరినుంచి తెచ్చుకున్న కత్తెర. దగ్గరికి వచ్చి టై చివరను అరచేతిలోకి తీసుకుని, అంచును వేలితో తడిమి, తిరగేసి చూసింది. కత్తెర దించింది.

"ఏమంటాంది?" అన్నాడు అన్న.

నేను అనువదించాను. టైని మిల్లులో వెడల్పు బట్టనుంచి ఏటవాలుగా కోసి కుడతారు. కోతతోనే టై మొదలవుతుంది. దీనిలో ఎక్కడా కోత లేదు. పుట్టినప్పటి నుంచి కత్తెర ఎరగని దాన్ని మొదటిసారి కత్తిరించే మనిషిని తాను కాలేనంటోంది.

"కొయ్యమను," అన్నాడు అన్న, మెడ ముందుకు చాచి. "కోసేదానికే నేసినా."

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మెడ చాచే ఉన్నాడు. ఒకరి మర్యాద మరొకరి మర్యాదకు అడ్డుపడి, వాకిట్లో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. అప్పుడు అరుగు మీద కూర్చున్న అత్త నోటినుంచి, ఎవరినీ చూడకుండా, సన్నగా పాట వచ్చింది.

"చీరలే నేసి నేసి చెయ్యి తిరిగె అల్లునికి
మెడకైన చీర లేక మనసు నిలవదాయె"

వాకిలంతా ఒక్కసారిగా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. లోపలి గదిలో, కూలికి నేసే మనిషి పనిచేస్తున్న మగ్గం చప్పుడు ఆగిపోయింది.

అది నాకు తెలియాల్సిన విషయం. లోపలికి వెళ్లి, "పోగు తెగిందా?" అని అడిగాను.

"లేదక్కా," అన్నాడు అతను. "ఇంటాండా."

నేను బయటికి వచ్చేసరికి అత్త లేచి నిలబడి ఉంది. "ఇట్టియ్యమ్మా ఆ కత్తెర," అని అతిథి చేతిలోంచి తీసుకుని, సరిగ్గా కొంగు మొదలయ్యే చోట ఒక్క వేటున కోసింది. నెమళ్లున్న కొంగు అతిథి చేతిలో పెట్టింది. అన్న మెడలో ఒట్టి అంచులు మిగిలాయి. అతిథి 'హెలావ్' అంది. పరిహారం సంగతి ఆమె గుర్తు చేయబోతే నేను అనువదించలేదు. ధర్మవరం వాకిట్లో ముద్దుకు బదులు తీపి ఓళిగ చాలని నా అంతట నేనే నిర్ణయించి, అన్న చేతిలో ఒకటి పెట్టించాను.

అయినా అది ఇంటి వాకిలి మాత్రమే. పెళ్లికూతురు అవ్వ వైపు ఆశగా చూసింది. అత్త కత్తెర అరుగు మీద పెట్టి, "ఇంట్లో పాడేది ఏరే, మండపంలో ఏరే," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం హిందూపురం మండపంలో ముహూర్తం జరిగింది. మగపెళ్లివారు భోజనాలకు కూర్చున్నారు. అత్త గోడ పక్కన వెనక వరుసలో కూర్చుని ఉంది, పక్కన అతిథి. పాడాల్సిన ఆడవాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు, ఎవరూ మొదలుపెట్టలేదు. వడ్డన సాగింది. ఆకుల్లో అన్నం పడింది, చారు పడింది. పెళ్లికూతురు పెళ్లికొడుకు పక్కన కూర్చుని, ఆకు వైపు కాక గోడ వైపే చూస్తోంది.

వియ్యపురాలు అన్నం కలపకుండా, తల ఎత్తి మా వరుసలన్నీ ఒకసారి చూసింది.

"ఏమమ్మా, ఆకులు ముందరేసుకోని కూచోనుండాము. అనేవాళ్లే లేరా?" అంది గట్టిగా. "మా అత్త సచ్చేదాంకా చెప్పేది, ధర్మవరం ఆయమ్మ తన మీద కట్టిన పాట. అట్లాంటి పాట ఇంగెవరూ కట్టలేదని మురిసిపొయ్యేది. నా మీద ఒగటి కూడా లేకపోతే నాకు మర్యాదేముండాది? ఆయమ్మ వచ్చిందా లేదా?"

మండపం గోడవైపు తిరిగింది. అత్త కదల్లేదు.

"ఉండాది," అన్నాడు వీధిపెద్ద, మగవాళ్ల వరుసలోంచి. "ఈడనే ఉండాది. ఏమ్మా, పిలుస్తాండారు గదా."

అత్త చీర కొంగు నడుముకు దోపుకుంది. లేచి వచ్చి, ముందు వరుసలో, ఆకులకు ఎదురుగా కూర్చుంది. వియ్యపురాలి పక్కన ఆమె భర్త, మీసాలు చెవుల దాకా పెంచిన మనిషి, చారు పోసుకున్న అన్నం కలుపుతున్నాడు.

"మామగారి మీసాలు మండపము దాటె
మామ ఇంక వీధిలోనే మలుపు తిరుగుతుండె"

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది. వెనక వరుసనుంచి అతిథి, మాట ఒక్కటీ తెలియకపోయినా, నవ్వు ఎక్కడ పడుతుందో పట్టుకుంది. తన ఊరి బ్యాండు తాళాన్ని రెండు అరచేతులతో తొడ మీద వేసింది. డోలు ముందు పెట్టుకుని వక్క నములుతున్న మేళగాడు ఆమె వైపు చూసి, ఆ తాళాన్నే డోలు మీద పలికించాడు. ఆ తరువాత ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"మగపెళ్లివారొచ్చి మర్యాదగ తినిరి
ఎంగిలాకు తీయబోతే ఆకే లేకపాయె"

డోలు మోగింది. వియ్యపురాలు నవ్వి నవ్వి పొలమారి నీళ్లు తాగింది. "నా మీద యాడ?" అంది. "వస్తాండా ఉండమ్మా," అంది అత్త, పాట మధ్యలోనే. పాయసం వచ్చేదాకా ఆమె ఆపలేదు. వియ్యపురాలి మీద కట్టిన చరణాన్ని ఇక్కడ రాయను. అది ఆమె సొత్తు, ఆమె ఆకు ముందరే పాడింది. పెళ్లికూతురు అప్పుడు తన ఆకులోకి చూసి అన్నం కలుపుకుంది.

అతిథి తరువాత నాతో అంది: "మీ అత్తకు తొట్టి అక్కర్లేదు. బ్యాండు మాత్రం కావాలి." బ్యాండు ఆమెకు ఎప్పుడూ ఉండేదని, అది ఆగిపోవడం ద్వారా మోగేదని, మామ సంగతి అప్పుడు చెప్పాను. ఆమె సంచిలోంచి నెమళ్ల కొంగు తీసి వేలితో అంచు తడిమింది. తన భర్త కొట్టేసిన చరణాలు గుర్తుకొచ్చాయేమో. అడగలేదు.

పెళ్లయ్యాక అత్తా అతిథీ పెనుకొండలో నేనుండే ఇంట్లో ఉన్నారు. భాష లేకుండా ఇద్దరూ కలిసి బియ్యం ఏరారు, కొండమీది కోట చూశారు, నా గురించి ఏదో మాట్లాడుకుని నవ్వారు. ఏమిటో నాకు చెప్పలేదు. బుధవారం అతిథిని బెంగళూరు బస్సు ఎక్కించడానికి హిందూపురం వెళ్లాం. ముందు ఆమె చర్చికి వెళ్లింది. కిందటేటి మట్టల ఆదివారం నాటి కొమ్మలను కాల్చిన బూడిద నుదుట పెట్టించుకుని వచ్చింది. అత్త ఆమె నుదురు చూసి, "విబూదే కదా, ఈ మాత్రానికి అంత దూరం నుంచి రావల్లా," అంది. నేను అనువదించాను. ఆమె నవ్వి అత్తను కౌగిలించుకుని బస్సెక్కింది. కిటికీలోంచి ఊపిన చేతిలో నెమళ్ల కొంగు ఉంది.

తిరుగు రైల్లో అత్తా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. నేను పెనుకొండలో దిగాలి, ఆమె ధర్మవరం వెళ్లాలి. అక్కడ అన్న వచ్చి దించుకుంటాడు. కిటికీలోంచి కొండ కనబడుతుండగా, ఇన్నాళ్లూ అందరినీ అడిగిన ప్రశ్నను మొదటిసారి ఆమెనే అడిగాను.

"అత్తా, పాడొద్దని నీకు మొదట చెప్పిందెవరు?"

ఆమె నా వైపు చూసింది. రైలు వేగం తగ్గుతోంది.

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? పొయ్యి ఆ మనిషిని నిజమా కాదా అని అడుగుతావు."

"అడగనత్తా."

"అడుగుతావు. నిన్ను ఎరగనా?" అంది. సంచి తీసి నా చేతికిచ్చింది. "ఆకు ముందర లేని మనిషిని నేను అనను. దిగు, నీ ఊరొచ్చె."

కనుక ఆ ప్రశ్న అట్లాగే ఉంది. చెప్పినవారు ఇంకా ఉన్నారో లేరో, మా ఇంటివారో పరాయివారో, నిజంగా ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. జవాబు తెలిసిన సాక్షి ఒక్కతే. ఆమె నియమం ఆమెను చెప్పనివ్వదు. ఆ నియమం వల్లనే ఆ మండపంలో ఒక్కరూ నొచ్చుకోలేదు. దాన్ని సడలించమని అడిగే హక్కు నాకు లేదు. ఇప్పుడు ధర్మవరంలో ఏ పెళ్లి జరిగినా ఆమె ముందు వరుసలో కూర్చుంటోంది. కొత్త చరణం కట్టినప్పుడు నాకు ఫోన్ చేసి వినిపిస్తుంది. నేను చేస్తున్న పని ఆపి వింటాను.